పూలగడ్డలకు నిద్ర కావాలి

పూలమొక్కను ఇంటికి తెచ్చుకున్నవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి రోజూ ఎన్ని నీళ్ళు పొయ్యాలి?" మల్లెకు, గులాబీకి, కనకాంబరానికి ఈ ప్రశ్న తగినదే. కాని గడ్డనుంచి మొలిచే పూలమొక్కల విషయంలో దీనితోపాటు మరొక ప్రశ్న కూడా అడగాలి: "దీనికి నీళ్ళు ఎప్పుడు మానెయ్యాలి?" ఈ రెండో ప్రశ్న అడిగేవారు తక్కువ. అందుకనే ఎన్నో ఇళ్ళలో పూలగడ్డలు మొదటి యేడు ముచ్చటగా పూసి, రెండో యేడు ఆకులతో సరిపెట్టి, మూడో యేటికి మట్టిలో మట్టిగా కలిసిపోతున్నవి. "ఆ గడ్డలే మంచివి కావు" అని అమ్మినవాణ్ణి తిట్టుకుని మళ్ళీ కొత్తవి కొంటుంటారు. చాలాసార్లు లోపం గడ్డలో లేదు. దాన్ని నిద్రపోనివ్వకపోవడంలో ఉన్నది.

ఈ సంగతిని మన పత్రికలో కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరమని మాకు తోచింది. పూలగడ్డ మనవంటి సంసారులకు బాగా నప్పే మొక్క. పెద్ద పెరడు అక్కరలేదు. మేడమీద ఎండ తగిలే చోట నాలుగు కుండీలుంటే చాలు. ఉద్యోగరీత్యా ఊరు మారవలసివస్తే గులాబీచెట్టును రైల్లో తీసుకుపోలేము గాని, ఎండిన గడ్డలను గుడ్డసంచిలో కట్టి బట్టలపెట్టెలో ఒక మూల పడేసుకుని పోవచ్చు. ఒక్క గడ్డ రెండు మూడేళ్ళలో గుప్పెడు పిల్లలను పెడుతుంది. ఇరుగుపొరుగులకు పంచినా తరగదు. సరిగా కొని, సరిగా చూసుకుంటే ఒకసారి పెట్టిన డబ్బు పిల్లల కాలానికి కూడా పనికివస్తుంది. అలా చూసుకోనివారు ఏటేటా కొంటూనే ఉండాలి.

ఒక పువ్వు, ఎన్నో పేర్లు

మనవాళ్ళు స్థిరపడ్డ చోటల్లా దొరికే పూలగడ్డ ఏదంటే నేలసంపెంగ. మన పూలబజారులో "లిల్లీ పూలు" అని అమ్మేది దీన్నే. కన్నడిగులు సుగంధరాజ అంటారు. తమిళులకు ఇది నిలసంపంగి. వాడుకలో ఉత్త సంపంగి. మరాఠీవారు నిశిగంధ అని పిలుస్తారు. ఒడియావారికి, వంగదేశీయులకు రజనీగంధ. పేర్లు చూస్తే సంపెంగకో, లిల్లీకో చుట్టమనిపిస్తుంది గాని ఆ రెండింటితోనూ దీనికి బంధుత్వం లేదు. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఇది పొలాల గట్లమీద ముళ్ళతో నిలబడే కిత్తనారకు దగ్గర బంధువు. పుట్టిల్లు మెక్సికో దేశం. 16వ శతాబ్దంలో స్పెయినువారి ద్వారా యూరపుకు చేరింది. మన దేశానికి వచ్చింది ఆ తరువాత. అంత దూరంనుంచి వచ్చిన మొక్క నేడు మన పెళ్ళిదండలలో, దేవుడి పటాల మెడలో వెలుగుతున్నది. పోయినచోటల్లా ఆ నేలవారు దానికి తమ భాషలో పేరు పెట్టుకున్నారు. పొరుగు నేలమీద స్థిరపడి, అక్కడివారి ఆదరం పొందిన పువ్వంటే మన సంఘ సభ్యులకు ఒకింత అభిమానం ఉండడం సహజమే గదా!

గడ్డ లోపల ఏమున్నది?

వంటింట్లోంచి ఒక ఉల్లిపాయను (కర్ణాటకలోని మన ఇళ్ళలో ఎర్రగడ్డ అంటారు) తెచ్చి నిలువునా రెండుగా కొయ్యండి. అడుగున గట్టిగా బిళ్ళలాంటి భాగం కనబడుతుంది. వేళ్ళు పుట్టేది అక్కడే. దానిమీద పొరమీద పొరగా కండగల రేకులున్నవి. అవి ఆకుల మొదళ్ళే. మొక్క తన తిండిని దాచుకునే గాదెలు. నట్టనడుమ ఒక చిన్న మొలక. అమరిల్లిస్ గడ్డలో కూడా ఇదే ఏర్పాటు. పైగా అందులో రాబోయే పువ్వు అప్పటికే సన్నని మొగ్గగా తయారై కూర్చుని ఉంటుంది.

కనుక గడ్డ అంటే మొక్క మూటగట్టుకున్న దారిబత్తెం. ఈ బత్తెం ఎక్కడనుంచి వచ్చింది? నిరుడు ఆకులు ఎండలో నిలబడి వండి పంపినదే. పువ్వు వాడిపోయిన తరువాత కూడా ఆకు కొన్ని నెలలు పచ్చగా ఉండి పనిచేస్తేనే ఖాళీ అయిన గడ్డ తిరిగి నిండుతుంది. పువ్వు అయిపోయింది గదా, ఇక ఈ ఆకులెందుకని కత్తిరించేవారు, చూడడానికి బాగుండదని వాటిని ముడివేసి కట్టేవారు, వచ్చే యేటి పువ్వును తమ చేతులతోనే తుంచేస్తున్నారన్నమాట. పూసిన కాడను కొయ్యవచ్చు. పచ్చి ఆకును మాత్రం ముట్టరాదు. అది తనంతట తాను పసుపుబారి వాలిపోవాలి. అదే "నాకు నిద్ర వస్తున్నది" అని మొక్క చెప్పే మాట. ఆ మాట వినబడగానే నీళ్ళు తగ్గించి, ఆకులు ఎండిపోయేసరికి బొత్తిగా మానెయ్యాలి. నిద్రలో ఉన్న గడ్డకు నీళ్ళు తాగడానికి వేళ్ళూ ఆకులూ ఉండవు. పోసిన నీరు దాన్ని కుళ్ళబెట్టడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

పూలగడ్డలని అన్నింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నాము గాని వీటిలో నాలుగు తెగలున్నవి. నేలసంపెంగ, అమరిల్లిస్, వాన లిల్లీ ఉల్లివలె పొరలున్న గడ్డలు. గ్లాడియోలస్ చేమదుంపవలె లోపలంతా ఒకే ముద్దగా ఉంటుంది. డాలియా వేళ్ళు చిలగడదుంపల్లా ఊరుతవి. మెట్టతామరది అల్లం, పసుపు వంటి కొమ్ము. ఇల్లాలికి వంటింట్లో ఈ నాలుగూ తెలిసినవే కనుక తోటలో వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదటిది కాలం. గడ్డను నిద్రలో ఉండగా కొనాలి. నేలసంపెంగను చలికాలం చివరినుంచి ఉగాది లోగా, అమరిల్లిస్‌ను డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, గ్లాడియోలస్‌ను వానలు తగ్గుముఖం పట్టే రోజులలో కొనడం మంచిది. అప్పుడు కొన్నవారికి నాటే అదను చేతిలో ఉంటుంది. పొడుగాటి తెల్లని మొలకలు వచ్చి, మెత్తబడిన గడ్డలు చవకగా ఇస్తున్నారని కొనకూడదు. మొలకెత్తిన ఉల్లిపాయ లోపల డొల్లపడడం అందరూ చూసినదే. ఆ గడ్డ తన బత్తెం సంతలోనే తినేసింది.

రెండవది బరువు. గడ్డను అరచేతిలో పెట్టుకుని చూడండి. దాని సైజుకు తగిన బరువుండాలి. బొటనవేలితో అడుగు బిళ్ళను నొక్కితే గట్టిగా ఉండాలి. అది మెత్తగా ఉన్నా, బూజు పట్టినా, ముక్కు దగ్గర పెడితే కుళ్ళు వాసన కొట్టినా తిరిగి ఇచ్చెయ్యాలి. పైపొర ఎండి కాగితంలా ఊడుతుంటే భయం లేదు. అది దాని చొక్కా.

మూడవది సైజు. పెద్ద గడ్డకే పువ్వు. నేలసంపెంగ గడ్డ అడ్డకొలత అంగుళంలో మూడుపాళ్ళకు తగ్గకుండా ఉండాలి. గోలీకాయంత గడ్డలు ఆ యేడు ఆకులే వేస్తవి. గ్లాడియోలస్‌లో మాత్రం వెడల్పు చూసి మోసపోవద్దు. అప్పచ్చిలా పలచగా ఉన్న వెడల్పు గడ్డకంటె, కాస్త చిన్నదైనా నడుమ ఎత్తుగా లావుగా ఉన్నదే మేలు. డాలియాకు కన్ను దుంపమీద ఉండదు, పాత కాడ మొదట ఉంటుంది. కాడముక్క లేకుండా విరిగిన దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు.

నాలుగవది బొమ్మ. ఇవాళ టెలిఫోను తెరమీద రంగురంగుల బొమ్మలు చూసి గడ్డలు తెప్పించుకోవడం పరిపాటి అయింది. ఒకే కాడకు ఏడు రంగుల పూలు, ఇంద్రధనుస్సు చారల రేకులు కనబడితే అది చిత్రకారుడి ప్రతిభే గాని గడ్డ ప్రతిభ కాదు. "తులిప్ విత్తనాలు" అని పొట్లాలు కూడా అమ్ముతుంటారు. నిజమైన విత్తనమే అయినా, చల్లని దేశంలోనే అది పువ్వు చూపించడానికి అయిదారేళ్ళు పడుతుంది.

ఎక్కడ కొనాలి? గడ్డను చేత్తో ముట్టుకుని చూడనిచ్చే చోట కొనాలి. బెంగుళూరువారికి లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టు నెలలలో జరిగే పుష్పప్రదర్శనలు మంచి అవకాశం. యానాంవారికి కడియం నర్సరీలు దగ్గరే. గ్లాడియోలస్, అమరిల్లిస్ గడ్డలకు హిమాలయ పాదాలలోని కాలింపాంగ్ పేరుపడ్డది. దూరాన్నుంచి తెప్పించేటప్పుడు మొదట ఆరు గడ్డలే తెప్పించి, అవి పూసిన తరువాత మరికొన్ని తెప్పించుకోవడం తెలివైన పని.

నేలసంపెంగ సాగు

ఇందులో రేకు రకం, ముద్ద రకం అని రెండున్నవి. దండలకు, పరిమళానికి రేకుది. పూలకూజాలో కాడలు పెట్టుకోవడానికి ముద్దది. బెంగుళూరు దగ్గర హేసరఘట్టలో 1967లో ఏర్పడిన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు ఈ రెండింటినీ సంకరం చేసి శృంగార్ అనే రేకు రకాన్ని, సువాసిని అనే ముద్ద రకాన్ని తయారుచేశారు. శృంగార్‌ను మెక్సికన్ సింగిల్‌తో కలిపి ప్రజ్వల్ అనే మరొక రకాన్ని కూడా ఇచ్చారు. వేళ్ళకు బుడిపెలు పుట్టించే నులిపురుగును శృంగార్ చాలావరకు తట్టుకుంటుంది. కొత్తగా కొనేవారు ఈ పేర్లు అడిగి కొనడం మంచిది.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి కుండీ నింపాలి. పచ్చిపేడ వేస్తే గడ్డ కుళ్ళుతుంది. గుప్పెడు వేపపిండి కలిపితే పురుగు బాధ తగ్గుతుంది. కోస్తాలో ఉగాదికి ముందు వెనుకలుగా, తమిళనాట జూన్, జూలై నెలలలో నాటడం వాడుక. గడ్డ కొన పైకి చూస్తూ ఉండేటట్టు రెండంగుళాల లోతున పెట్టాలి. నేలలో అయితే గడ్డకూ గడ్డకూ ఎనిమిది నుంచి పన్నెండంగుళాల ఎడం ఉండాలి. పన్నెండంగుళాల కుండీకి మూడు గడ్డలు చాలు. నాటినప్పుడు ఒకసారి తడిపి, మొలక కనబడేదాకా మట్టి తడారిన తరువాతే మళ్ళీ పొయ్యాలి. ఎండ బాగా తగలాలి. నీడన పెట్టిన నేలసంపెంగ గడ్డిలా పెరుగుతుంది గాని పూలకాడ వెయ్యదు. అన్నీ అనుకూలిస్తే మూడు నెలలు, మూడున్నర నెలలలో కాడ లేస్తుంది.

ఇక్కడ ఒక రహస్యం తెలుసుకోవాలి. అరటి ఒక్కసారే గెల వేసినట్లు నేలసంపెంగ గడ్డ కూడా ఒక్కసారే పూస్తుంది. పూసిన తల్లిగడ్డ మళ్ళీ పువ్వు పెట్టదు. దాని చుట్టూ పుట్టిన పిల్లగడ్డలే తరువాత పూస్తవి. ఇది తెలియక చాలామంది తవ్వినప్పుడు లావుగా కనబడే తల్లిని జాగ్రత్త చేసి, పిల్లలను పారేస్తారు. సంతలో కూడా నడుమ ఎండిన పాతకాడ గుర్తు ఉన్న గడ్డను పక్కన పెట్టి, నున్నని కొన ఉన్న పిల్లగడ్డలను ఏరుకోవాలి.

మూడేళ్ళదాకా ఒకేచోట ఉంచవచ్చు. ఆ తరువాత పిల్లలు ఎక్కువై ఒకదాన్నొకటి తోసుకుంటూ పూలు చిన్నవైపోతవి. అప్పుడు ఆకులు పసుపుబారేదాకా ఆగి, నీళ్ళు మాని, తవ్వి విడదీయాలి. నెల, నెలన్నర ఆరబెట్టిన తరువాత కొత్త మట్టిలో నాటాలి. అదే మట్టిలో మళ్ళీ నాటడం మంచిది కాదు. ఆ చోట ఒక పంట బంతి వేస్తే నులిపురుగు అణుగుతుంది, పండుగకు పూలూ వస్తవి.

ఎవరి నిద్ర వారిది

అన్ని గడ్డలూ ఒకే కాలంలో నిద్రపోవు. ఎవరి అలవాటు వారిది.

అమరిల్లిస్ ఎండాకాలంలో ఎర్రని గరాటుల్లాంటి పూలు పూస్తుంది. దీన్ని లోతుగా పాతిపెట్టకూడదు. మెడ, గడ్డలో మూడోవంతు మట్టికి పైన ఉండాలి. గడ్డ చుట్టూ రెండంగుళాల చోటుండే కుండీ చాలు. కుండీ కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది కనుక ఏటేటా మార్చనక్కరలేదు. వానకాలమంతా ఆకులను పెరగనిచ్చి, నవంబరునుంచి నీళ్ళు మాని, జనవరి దాటిన తరువాత మొగ్గ తల ఎత్తగానే మళ్ళీ పొయ్యాలి. చెన్నైలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గనుక, అక్కడివారు ఈ కుండీలను ఆ రోజులలో చూరుకిందికి జరిపితే తప్ప గడ్డకు నిద్ర పట్టదు.

ఫుట్‌బాల్ లిల్లీ అనేది ఆఫ్రికా గడ్డ. మే నెలలో నున్నని కాడమీద ఎర్రని బంతిలా ఒకే ఒక్క పూగుత్తి వస్తుంది. ఆ తరువాత ఆకులు వచ్చి, చలికాలానికి పూర్తిగా మాయమవుతవి. అయిదారు నెలలపాటు కుండీలో ఉత్త మట్టే కనబడుతుంది. మొక్క చచ్చిందనుకుని ఆ మట్టిని పారబోసేవారున్నారు. ఆ కుండీమీద సున్నంతో "నిద్ర" అని వ్రాసి ఓ మూల పెట్టండి. వైశాఖంలో అదే లేస్తుంది.

వాన లిల్లీ అందరికంటె సులభమైనది. దీనికి కొన్నాళ్ళు ఎండగట్టడం, ఆపైన ఒక మంచి వాన కావాలి. వాన వెలిసిన నాలుగైదు రోజులకు తెల్లగానో, గులాబిరంగుగానో, పసుపుగానో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పువ్వు ఉండేది ఒకటి రెండు రోజులే. రోజూ నీళ్ళు పోసి చూసుకునేవారి ఇంట్లోకంటె, మరచిపోయినవారి ఇంట్లోనే ఇది ఎక్కువ పూస్తుందంటే కారణం ఇదే.

గ్లాడియోలస్‌ను మైదానాలలో సెప్టెంబరు చివరనుంచి నవంబరులోగా నాటుకోవాలి. నాటిన రెండున్నర, మూడు నెలలకు పూస్తుంది. కాడ కోసేటప్పుడు మొక్కకు నాలుగు ఆకులైనా మిగల్చాలి. నాటిన పాతగడ్డ ఎండిపోయి, దానిమీద కొత్తగడ్డ తయారవుతుంది. ఆ కొత్తగడ్డకు తిండి పెట్టేది ఈ ఆకులే. పూలు కోసిన ఆరేడు వారాలకు తవ్వి తీసి, నీడన ఆరబెట్టి, మూడు నెలలు నిద్రపోనివ్వాలి.

తులిప్ మోజు

తులిప్ గడ్డల మాట చాలామంది అడుగుతారు. ఈ పువ్వు మోజు కొత్తది కాదు. 1593లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు హాలండులోని లైడెన్ తోటలో వీటిని నాటాడు. తరువాత యాభై యేళ్ళు నిండకుండానే ఆ దేశంలో తులిప్ గడ్డలకు విపరీతమైన ధర పలికింది. గడ్డ నేలలో ఉండగానే, ఎవరూ కంటితో చూడకుండానే, కాగితాలమీద చేతులు మారేది. 1637 ఫిబ్రవరిలో ఆ ధరలన్నీ ఒక్కసారిగా కూలిపోయినవి. చూడని గడ్డకు డబ్బు పోసేవారు నేటికీ ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

తులిప్, హయసింత్, డాఫొడిల్ వంటివి చలిదేశపు గడ్డలు. తులిప్ గడ్డకు సుమారు మూడు నాలుగు నెలలు 9 డిగ్రీలకు లోపల చలి తగిలితే గాని కాడ సరిగా లేవదు. బెంగుళూరులో చలికాలపు రాత్రులు కూడా సుమారు 15 డిగ్రీలుంటవి. యానాం, చెన్నైల మాట చెప్పనక్కరలేదు. శ్రీనగరంలో తులిప్ తోట ఉన్నదంటే అక్కడి మంచు దాని నిద్రకు పరుపు. ఢిల్లీ వీధులలో చలికాలంలో విచ్చే తులిప్‌లకు గడ్డలు హాలండునుంచి దిగుమతి అవుతవి. ముందే చల్లబరచిన గడ్డను కొని ఒకసారి పూయించుకోవచ్చు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి ప్రయత్నించనూవచ్చు. అయితే పక్కన పండ్లుంటే వాటినుంచి వచ్చే వాయువు మొగ్గను చంపుతుంది. ఎంత చేసినా మన ఎండకు ఆ గడ్డ మళ్ళీ నిండదు. అది ఒక్కనాటి వేడుక. వేడుకకు డబ్బు పెట్టడం తప్పు కాదు గాని, ఆస్తి కొంటున్నామని అనుకోకూడదు. ఆ డబ్బుతో ఏటేటా పూసే అమరిల్లిస్‌లు ఎన్ని వస్తవో లెక్కవేసుకోండి.

దాచడంలో మెళకువలు

తవ్విన గడ్డలను కడగరాదు. మట్టి దులిపి, నీడలో గాలి తగిలేచోట పది పదిహేను రోజులు ఆరబెట్టాలి. పారకోల దెబ్బ తగిలినవి, మెత్తబడినవి వేరుచెయ్యాలి. ఒక కుళ్ళిన గడ్డ గంపనంతా పాడుచేస్తుంది. ఉల్లిపాయలను ఎలా దాస్తామో అలాగే వెదురుగంపలోనో, వలసంచిలోనో గాలి ఆడేటట్టు ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఉంచితే లోపల చెమ్మ పట్టి కుళ్ళుతవి. పేరు, రంగు, తవ్విన తేదీ చీటీమీద వ్రాసి కట్టడం మరవకూడదు.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. అమరిల్లిస్ గడ్డ చూడడానికి అచ్చంగా ఉల్లిపాయలాగే ఉంటుంది, కాని అది విషం. వాంతులు, విరేచనాలు అవుతవి. కనుక వంటింటి ఛాయలకు కూడా రానియ్యకూడదు. తమిళనాడు రాష్ట్రపుష్పమైన అగ్నిశిఖను కొందరు అందానికి కంచెలకు ఎక్కిస్తారు. సంస్కృతంలో లాంగలి అని దీని పేరు. నాగలి ఆకారంలో దుంప ఉంటుంది. దిండుక్కల్ ప్రాంతంలో మందులకోసం, విత్తనాలకోసం దీన్ని పొలాలలో పండిస్తారు. ఈ దుంపలోని విషం ప్రాణాంతకం. చిన్నపిల్లలు, పశువులు, కుక్కలు తిరిగే ఇంట్లో ఇది వద్దనే మా సలహా. పొరపాటున ఎవరైనా నోట పెట్టుకుంటే గృహవైద్యం చేస్తూ కూర్చోకుండా, ఆ దుంప ముక్కను కూడా తీసుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పురుగుల సంగతి: వానకాలంలో నల్లని ఒంటిమీద తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగులు అమరిల్లిస్ ఆకులను ఒక్క రాత్రిలో నమిలేస్తవి. పొద్దున్నే ఆకుల అడుగున చూసి ఏరివేస్తే మందు కొట్టనక్కరలేదు. కుండీకింద పళ్ళెంలో నీరు నిలవకుండా చూడండి. గడ్డకు కుళ్ళు, ఇంటికి దోమలు, రెండూ తప్పుతవి.

పాత ఇళ్ళ గడ్డలు

ఇక చివరగా మా మనసులోని మాట. మన పెద్దలు కట్టుకున్న పాత ఇళ్ళు, చుట్టూ చోటుండి, ముంగిట పూలమొక్కలున్న ఇళ్ళు, నగరాలలో ఒకటొకటిగా పడిపోతున్నవి. వాటి చోట అంతస్తుల భవనాలు లేస్తున్నవి. అది కాలధర్మం, ఎవరినీ తప్పుపట్టలేము. అయితే ఇల్లు పడగొట్టేవారికి కూల్చే సామాను ధర తెలుసు; తలుపులు, కిటికీలు, దూలాలు లెక్కపెట్టి అమ్ముతారు. గోడవారన మట్టిలో నిద్రపోతున్న గడ్డల సంగతి వారికి తెలియదు. ఏ బామ్మగారో పెళ్ళినాడు పుట్టింటినుంచి తెచ్చి నాటిన రేకు సంపెంగ కావచ్చు, పేరు తెలియని పాత ఎర్ర అమరిల్లిస్ కావచ్చు. మన గాలికి, మన నీటికి ఎన్నో యేళ్ళుగా అలవాటుపడి, ఎవరూ పట్టించుకోకపోయినా పూస్తూ వచ్చిన గడ్డలు అవి. ఎంత డబ్బు పెట్టినా ఆ గడ్డ మళ్ళీ అంగడిలో దొరకదు. మట్టి తవ్వే యంత్రం వచ్చిన ఒక్క పూటలో అవి రాళ్ళతోపాటు లారీ ఎక్కిపోతవి.

కనుక ఇల్లు ఖాళీచేసే ముందు ఒక సాయంకాలం ముంగిలి తవ్వి చూడండి. ఆకు ఎండేదాకా ఆగడానికి వ్యవధి లేకపోతే, మట్టిగడ్డతో సహా లేపి, ఆకులు తెగకుండా కుండీలో పెట్టి, కొన్నాళ్ళు పలచని నీడన ఉంచితే కోలుకుంటవి. మీ ఇంట చోటు లేకపోతే చోటున్న బంధువులకు ఇవ్వండి. పిల్లగడ్డలు ఎక్కువైనప్పుడు మన సంఘం సమావేశాలకు వచ్చేటప్పుడు ఒక సంచిలో వేసుకుని, పేరు చీటీ కట్టి తీసుకురండి. ఒకరి ఇంట రేకు సంపెంగ ఎక్కువగా ఉంటుంది, మరొకరి ఇంట వాన లిల్లీ. ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరి కుండీలూ నిండుతవి, కొనే ఖర్చు తప్పుతుంది. ఒకరి ఇంట్లో ఏ కారణంచేతనో గడ్డ పోయినా మరొకరి ఇంట్లో దాని పిల్ల బ్రతికి ఉంటుంది. గడ్డను కాపాడడానికి ఇంతకంటె మంచి ఉపాయం మాకు తెలిసి మరొకటి లేదు.

గడ్డతోపాటు రెండు మాటలు కూడా చెప్పి ఇవ్వండి: "పువ్వు అయిపోయినా ఆకు కొయ్యకండి. ఆకు వాలితే నీళ్ళు పొయ్యకండి." ఆ రెండూ పాటించిన ఇంట్లో గడ్డ తన వేళకు తానే లేస్తుంది.